అబ్బాజాన్ అద్దాల తొట్టెలో ఉప్పునీరు

మా ఇంటి ముందు గదిలో, తూర్పు గోడను ఆనుకొని ఒక అద్దాల తొట్టె ఉన్నది. ఆరు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అబ్బాజాన్ ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, గుంటూరులోనే ఒక అద్దాల దుకాణంలో దగ్గరుండి చేయించారు. అందులో రకరకాల చేపలు వచ్చాయి, పోయాయి. చివరికి మిగిలినది నవాబ్ ఒక్కటే. అది ఆస్కార్ జాతి చేప. జానెడున్నర పొడవు, నల్లని ఒంటి మీద నిప్పు రంగు చారలు, మనుషులను గుర్తుపట్టే కళ్ళు. అబ్బాజాన్ అడుగుల చప్పుడు వినబడితే అద్దం దగ్గరకు వచ్చి నిలుచునేది. ఆయన వేళ్ళ నుండి మేత అందుకొని తినేది. ఆయన మరణించిన తరువాత ఆ పని అమ్మీ తీసుకున్నారు. అస్ర్ నమాజు ముగించుకొని, తొట్టె ఎదుట ఉన్న పేము కుర్చీలో కూర్చొని, నవాబ్‌కు మేత వేసి, కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయేవారు. అప్పటికి నవాబ్ వయసు తొమ్మిదేళ్ళు.

ఆ తొట్టెను ఉప్పునీటి తొట్టెగా మార్చాలన్న ఆలోచన మాకు జిద్దాలో పుట్టింది. ఉమ్రా పూర్తి చేసుకొని తిరిగివస్తూ అక్కడి బంధువుల ఇంట మూడు రోజులు ఆగాము. వారు పిల్లలను ఫకీహ్ అక్వేరియం చూడటానికి తీసుకుపోయారు. ఎర్ర సముద్రపు పగడాల దిబ్బల మధ్య పసుపు, నీలి రంగు చేపలు గుంపులుగా తిరుగుతుంటే తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి అద్దానికి ముఖం ఆనించి కదలలేదు. సూరా అర్‌రహ్మాన్‌లో ముత్యాలతో పాటు వచ్చే ‘మర్జాన్’ ఇదేనా అని అడిగాడు. పగడం అన్న అర్థమే చెప్పుకొంటారని చెప్పాము. ఇంటికి చేరిన వారానికే వాడి నోట్‌పుస్తకం నిండా బొమ్మలు, కొలతలు నిండాయి. నిజం చెప్పాలంటే వాడికంటే మాకే ఉబలాటం ఎక్కువగా ఉండేది.

అమ్మీ వద్దనలేదు. “నవాబ్‌ను ఏం చేస్తారు?” అని మాత్రమే అడిగారు.

మంచినీటి చేప ఉప్పునీటిలో బతకదు. కాలువలో వదలండని ఒకరు సలహా ఇచ్చారు. డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి దానికి ససేమిరా అన్నది. ఇళ్ళలో అద్దాలకు పట్టిన పాచి తింటుందని తెచ్చుకొన్న సక్కర్ చేపలను జనం ఇలాగే బయట వదిలారు. ఇప్పుడవి మన చెరువుల్లో, కాలువల్లో పెరిగి, ముళ్ళతో జాలర్ల వలలు చింపుతున్నాయి. దెయ్యం చేప అని పేరు పెట్టి తిట్టుకొనే ఆ చేప దక్షిణ అమెరికాది. ఆస్కార్ జన్మస్థానమూ అదే. మనకు అక్కర లేనిదాన్ని కాలువకు ఇచ్చేస్తే అది కాలువకు అక్కర లేనిదే అవుతుంది. చివరికి తెనాలిలో ఉంటున్న అబ్బాజాన్ స్నేహితులు ఒకరు తమ పెరట్లోని సిమెంటు తొట్టెలో దానికి చోటిస్తామన్నారు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో, బ్యాటరీతో నడిచే గాలి పంపు పెట్టి తీసుకువెళ్ళాము. అమ్మీ గుమ్మం దాకా కూడా రాలేదు. మేము తిరిగి వచ్చేసరికి పేము కుర్చీ ముందు గదిలో లేదు. వంటింటి పక్కనున్న వసారాలోకి జరిపించుకొన్నారు.

ఖాళీ తొట్టెను శుభ్రం చేయటమే పెద్ద పని అనుకొన్నాము. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు నింపటం వల్ల నీటిమట్టం దగ్గర సున్నపు గీత గట్టిగా పేరుకొన్నది. అది వెనిగర్‌తో తుడిస్తే పోయింది. పోనిది మరొకటి ఉన్నది. చేపల ఒంటి మీద తెల్ల మచ్చలు వచ్చినప్పుడల్లా అబ్బాజాన్ ఒక నీలి మందు వేసేవారు. ఆ సీసా బీరువాలో ఇంకా ఉన్నది. అందులో రాగి లవణం ఉన్నదని అమ్మాయి చదివి చెప్పింది. రాగిని చేపలు కొంతవరకు తట్టుకొంటాయి. రొయ్యలు, నత్తలు, పగడపు జీవులు వంటి వెన్నెముక లేని ప్రాణులకు అది విషం. అడుగున పరిచిన గులకరాళ్ళు, అద్దాలను అతికించిన సిలికాన్ ఆ రాగిని పట్టి ఉంచుకొని, తరువాత కొంచెం కొంచెంగా నీటిలోకి వదలవచ్చు. ఎప్పుడో ఒక చేపను బతికించటానికి వేసిన మందు, ఆ చేప పోయి ఏళ్ళు గడిచిన తరువాత మరొక ప్రాణిని చంపవచ్చునన్నమాట. మూతలేని నదిలోనో సముద్రంలోనో అయితే కొట్టుకుపోయేది. నాలుగు అద్దాల మధ్య వేసినది ఎక్కడికీ పోదు. ఈ మాట మాకు అప్పుడు సగమే అర్థమైంది.

గులకరాళ్ళన్నీ తీసివేశాము. తొట్టెను మంచినీటితో నింపి వారం ఉంచి పారబోశాము. మళ్ళీ నింపాము. రాగిని పరీక్షించే చుక్కల మందు తెప్పించి, రంగు మారటం లేదని రూఢి చేసుకొన్నాకే ముందుకు వెళ్ళాము. ఇనుప స్టాండు ఉప్పు చెమ్మకు తినివేయబడుతుంది కనుక తుప్పు గీకించి రెండు పూతల ఎపాక్సీ రంగు వేయించాము. అడుగు అద్దానికి రంధ్రం వేయిస్తే పగిలే ప్రమాదం ఉన్నదని చెప్పటంతో, అంచు మీదుగా నీటిని కిందికి దింపే పెట్టెను తగిలించి, స్టాండు లోపల వడపోతకు మరొక చిన్న తొట్టెను పెట్టాము. చేపల వ్యర్థాలను నురుగుగా కట్టి బయటకు తీసే స్కిమ్మర్ అనే యంత్రం అందులో ఉంటుంది. దానిలో పోగయ్యే మురికిని మొదటిసారి చూసిన వారెవరైనా ఆ పూట భోజనం సరిగా చేయలేరు.

ఇక నీళ్ళు. బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రతీరం మాకు అంత దూరమేమీ కాదు. డ్రమ్ములు తీసుకుపోయి నింపుకు వస్తే సరిపోతుంది కదా అని అందరూ అడిగారు. కృష్ణా గోదావరులు బంగాళాఖాతంలోకి తెచ్చి పోసే మంచినీరు, ఒండ్రు ఆ తీరపు నీటిని మారుస్తూ ఉంటాయి. వానకాలం తరువాత ఒడ్డు దగ్గర ఉప్పదనం తగ్గుతుంది. మన తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవటానికీ ఒక కారణం ఇదే. పగడపు జీవికి తేటనీరు, వెలుతురు, నిలకడైన ఉప్పదనం కావాలి. బురద దాన్ని కప్పివేస్తుంది. అందుకే మన దేశంలో ఆ దిబ్బలను చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో, అండమాన్‌కో, లక్షద్వీప్‌కో వెళ్ళాలి.

కాబట్టి నీటిని ఇంట్లోనే తయారుచేయాలి. మా బోరు నీటిలో లేనిది లేదు, అందుచేత ఆర్‌వో యంత్రంతో శుద్ధి చేయవలసి వచ్చింది. ఆ యంత్రం ఒక లీటరు శుద్ధజలం ఇవ్వటానికి సుమారు మూడు లీటర్లను తిరస్కరిస్తుంది. మాకు కావలసినది 600 లీటర్లు. లెక్క కట్టుకొన్న సాయంత్రం అమ్మీ వసారాలో నుండే అన్నారు: “వుజూకు చెంబెడు నీళ్ళు చాలునని నేర్పిన ఇల్లిది.” మేము సమాధానం చెప్పలేకపోయాము. ఆ తిరస్కృత నీటినంతా డ్రమ్ములలో పట్టి, రెండు వారాలపాటు ఇల్లు కడగటానికి, మరుగుదొడ్లకు, బట్టలు ఉతకటానికి వాడాము. పని నెమ్మదించింది గానీ, ఆ నీళ్ళు మురుగుకాలువలో కలవలేదు.

సముద్రపు నీరు లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలను మోస్తుంది. మా తొట్టెకు 21 కిలోలు. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్ర లవణాలలో అధికభాగం అదే అయినా, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ల వంటివి తగుపాళ్ళలో లేకపోతే అది ఊరగాయ నీళ్ళే అవుతుంది తప్ప సముద్రం కాదు. అన్నీ కలిపి అమ్మే మిశ్రమ లవణాన్ని తెప్పించి, మేడమీద డ్రమ్ములలో కలిపి, పంపుతో రోజంతా తిప్పి, ఉప్పదనం కొలిచే చిన్న దుర్భిణి వంటి పరికరంతో 1.025 వచ్చిందని చూసుకొని కిందికి దింపాము. సముద్రం నుండి తవ్వి తెచ్చిన రాళ్ళు కాక, సున్నపు రాయిలా రంధ్రాలున్న సిరామిక్ రాళ్ళను గుహల్లా పేర్చాము. నీళ్ళు రెండో రోజుకే స్ఫటికంలా తేరాయి.

తప్పు అక్కడ జరిగింది. తేట నీరు సిద్ధమైన నీరు కాదు. చేప విసర్జించే వ్యర్థం అమోనియాగా మారుతుంది. దాన్ని నైట్రైట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఒకరకం, నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేవి మరొకరకం. ఇవి రాళ్ళ రంధ్రాలలో చేరి తగినన్ని కావటానికి నెలా నెలన్నర పడుతుంది. పైగా సముద్రపు నీటి క్షారగుణం వల్ల అమోనియాలో విషపూరితమైన భాగం మంచినీటిలో కంటే ఎక్కువగా ఉంటుంది. ఇదంతా మేము చదివాము. నోట్‌పుస్తకంలో రాసుకొన్నాము కూడా. అయినా తొమ్మిదో రోజున, సెలవులకు వచ్చిన బంధువుల పిల్లలు ఖాళీ తొట్టెను చూసి నవ్వుతున్నారన్న ఉక్రోషంతో మూడు క్లౌన్ చేపలను తెచ్చి వదిలాము. పన్నెండో రోజున ఒకటి, మరునాడు ఇంకొకటి చనిపోయాయి. మూడోది నీటి పైభాగాన వాలి, మొప్పలు ఎగరేస్తుంటే, అబ్బాయి తెల్లవార్లూ బకెట్లతో కొత్త ఉప్పునీరు మారుస్తూ కూర్చున్నాడు. అది బతికింది. పరీక్ష గొట్టంలో పసుపుగా ఉండవలసిన నీరు ఆకుపచ్చగా మారి, మేము చేసిన పనిని కంటి ముందు పెట్టింది. చదవకపోవటం వల్ల చేసిన తప్పు అయితే సర్దిచెప్పుకొనేవాళ్ళం.

బతికినదాన్ని వేరే చిన్న తొట్టెలో ఉంచి, బజారులో కొన్న రెండు పచ్చి రొయ్యలను రాళ్ళ మధ్య కుళ్ళబెట్టి, సూక్ష్మజీవుల కోసం ఎదురుచూశాము. 38 రోజులు పట్టింది. రాళ్ళ మీద గోధుమ రంగు పాచి పట్టింది, పోయింది, తరువాత పచ్చనాచు వచ్చింది. ఇంటికి వచ్చినవారికి మురికి నీళ్ళు చూపిస్తూ కూర్చోవటం ఎంత కష్టమో అనుభవించాము.

తరువాత చేపలను కొనేటప్పుడు అవి ఎక్కడివని అడగటం నేర్చుకొన్నాము. క్లౌన్ చేపలను సముద్రంలో పట్టనక్కర లేకుండా హేచరీలలో పుట్టించే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు విజింజం, మండపం కేంద్రాలలో రూపొందించారు. హేచరీలో పుట్టిన చిన్న క్లౌన్‌ను ఒకదాన్ని తెచ్చి, బతికిన దానికి జతగా విడిచాము. ఈ చేపలన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఆ సంగతి విన్న అమ్మీ వసారాలో నుండే “సుబ్‌హానల్లాహ్” అన్నారు. ముందు గదిలోకి మాత్రం రాలేదు.

ఇక అసలు సంగతి పగడాలు. అవి లేకపోతే అది ఉప్పునీటి తొట్టె అవుతుందే కాని పగడపు తొట్టె కాదు. చేపలు అమ్మే వ్యాపారి ఒకరు ఫోనులో ఫొటోలు పంపారు. మెదడు ముడతల్లాంటి ఆకుపచ్చ పగడం, కొమ్మలు వేసిన ఊదా రంగు పగడం. దక్షిణ తీరం నుండి రాత్రి బస్సులో పార్సెల్‌గా వస్తాయన్నారు. 5,000 రూపాయలు అడ్వాన్సు పంపాము. అబ్బాయి వాటికోసం రాళ్ళమీద చోట్లు గుర్తుపెట్టాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి అడిగింది: “అబ్బా, వాటిని సముద్రంలో నుండి ఎవరు తీశారు?”

2001లో రాతి దిబ్బలు కట్టే పగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారని ఆమె చెప్పింది. అంటే పులికి ఇచ్చిన రక్షణే పగడానికీ. నల్ల పగడాలు, నిప్పు పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు అన్నీ ఆ పట్టికలోనివే. మాకు ఆ సంగతి తెలియదు. తెలిసిన తరువాత కూడా మేము వెంటనే లొంగలేదు. ఆ సంభాషణను దాచుకోనక్కర లేదు. తీసినవి ఎలాగూ తీసేశారు కదా, మనం కొనకపోతే ఇంకొకరు కొంటారు కదా, మన దగ్గరైతే బాగా చూసుకొంటాము కదా అని పెద్దవాళ్ళమైన మేమే వాదించాము. అవతలి పక్షాన పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆమె గొంతు పెంచలేదు. పగడం అనేది రాయి కాదనీ, చిన్న చిన్న ప్రాణుల కాలనీ అనీ, వాటి ఒంట్లో నివసించే నాచు వెలుతురుతో తయారుచేసే ఆహారమే వాటికి ప్రధాన ఆధారమనీ, నీరు వేడెక్కితే ఆ నాచును బయటకు నెట్టి తెల్లబోతాయనీ, గుండ్రని బండల్లాంటి జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయనీ వివరించింది. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం, కట్టడాల కోసం ఈ దిబ్బలను తవ్వి పడవల కొద్దీ తరలించారని చెప్పింది. ఫొటోలోని మెదడు పగడం దోసెడంత ఉన్నది. మా అబ్బాయి పుట్టకముందు నుండి అది పెరుగుతూ ఉండవచ్చు.

వసారాలో నుండి అమ్మీ గొంతు వినబడింది: “నవాబ్‌నైతే ఇంకొకరి ఇంటికి పంపగలిగారు. దాన్ని తిరిగి ఎక్కడికి పంపుతారు?”

మరునాడు ఉదయం వద్దని ఫోను చేశాము. అడ్వాన్సు తిరిగి రాలేదు. మెత్తని రకాలు కొన్ని ఆ పట్టికలో లేవని వ్యాపారి వాదించారు. ఏది మెత్తనిదో, ఏది చట్టం కిందికి వచ్చేదో, ఏది ఎక్కడ నుండి తెచ్చిందో తేల్చుకొనే పరిజ్ఞానం మాకు లేదు కనుక అవీ వద్దన్నాము. అబ్బాయి మూడు రోజులు అక్కతో మాట్లాడలేదు. నాలుగో రోజున రాళ్ళ మీద పెట్టుకొన్న గుర్తులను తానే తుడిచివేశాడు. (అమ్మీ వేలికి ఉన్న పగడపు ఉంగరం సంగతి కూడా ఆ రోజుల్లో చర్చకు వచ్చింది. ఆభరణాల ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రానిది, వేరే జాతి. అది వారి అమ్మగారిది. దాని జోలికి ఎవరూ పోలేదు.)

పగడాలు లేని మా తొట్టె జిద్దాలో చూసినదానితో పోల్చదగినది కాదు. సిరామిక్ రాళ్ళు, వాటిమీద ఎరుపు, ఊదా రంగుల్లో తమంతట తామే పాకిన సున్నపు నాచు, రెండు క్లౌన్లు, ఒక నీలి డామ్‌సెల్, నత్తలు, ఎర్ర చారల రొయ్యలు నాలుగు. రొయ్యలంటే ఒక మాట చెప్పాలి.

బంధువుల పెళ్ళికి కడపకు వెళ్ళి పది రోజులు ఉండిపోయాము. తొట్టెలో నీరు ఆవిరై తగ్గుతుంది. ఫ్యాను గాలికి మా తొట్టెలో రోజుకు 8 లీటర్లు తగ్గేది. నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఆవిరి కాదు. కాబట్టి తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. తొట్టెను అప్పగించిన కుర్రవాడికి ఈ మాట చెప్పటం మరిచాము. వాడు బుద్ధిగా, మేడమీద డ్రములో కలిపి ఉంచిన ఉప్పునీరు తెచ్చి ప్రతిరోజూ గీత దాకా నింపాడు. తిరిగి వచ్చేసరికి 1.025 ఉండవలసినది 1.029 చూపింది. రెండున్నర కిలోలకు పైగా ఉప్పు అదనంగా చేరింది. చేపలు తట్టుకొన్నాయి. నాలుగు రొయ్యలూ చనిపోయాయి. కుర్రవాడు ఏడ్చాడు. తప్పు వాడిది కాదని చెప్పటానికి చాలాసేపు పట్టింది. నీటిని మార్చినప్పుడు తీసిన ఉప్పునీళ్ళను ఎవరో కరివేపాకు చెట్టు మొదట్లో పోయగా అది ఎండిపోయింది. అందుకు మాత్రం బాధ్యులు మా ఇంట్లో ఇప్పటివరకూ దొరకలేదు.

కిందటి మే నెలలో ఒక రాత్రి గాలివానకు మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పగలంతా ఉడికిన ఇల్లు. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రాన్ని ఇన్వర్టర్ మోయలేదు. ఒక పంపును మాత్రం రెండు గంటలు నడిపి అదీ ఆగిపోయింది. వేడెక్కిన ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. నీరు కదలకపోతే ఉన్నదీ అయిపోతుంది. పాత బ్యాటరీ గాలి పంపు నవాబ్‌తో తెనాలికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. పక్కింటివారిని లేపి, వారి ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు తెచ్చి, మూతలు బిగించి, కింది తొట్టెలో వేశాము. అయినా ఉష్ణమాపకం 30 డిగ్రీలు దాటింది. అబ్బాయీ అమ్మాయీ వంతులవారీగా చెంబుతో నీటిని ఎత్తి పోస్తున్నారు. రాత్రి రెండు దాటాక ఇద్దరూ నిలబడే తూగుతున్నారు.

కొవ్వొత్తి వెలుగులో అమ్మీ వచ్చారు. మొదటిసారి. అబ్బాయి చేతిలోని చెంబు తీసుకొని, కొంగు నడుముకు దోపి, నీటిని ఎత్తి పోయటం మొదలుపెట్టారు. పెద్ద క్లౌన్, మేత వేస్తున్నారనుకొన్నదో ఏమో, చెంబు చుట్టూ తిరిగి వారి వేళ్ళ దగ్గరకు వచ్చి ఆగింది. అమ్మీ చెయ్యి కాసేపు నీటిలోనే ఉండిపోయింది.

“ఇంత చిన్నదేమిటి!” అన్నారు. తరువాత మావైపు తిరగకుండానే, “నిలబడలేను బేటా, ఆ కుర్చీ ఇటు తీసుకురా” అన్నారు.

కరెంటు ఫజ్ర్ అజాన్‌కు కొంచెం ముందు వచ్చింది.